ఎండిన ఆకుకు మళ్ళీ స్నానం

ఒక వస్తువును ఎన్నిసార్లు కడిగితే శుద్ధి అవుతుంది? ఈ సందేహం నాకు చిన్నప్పటినుంచీ ఉంది. పూజకు తెచ్చిన తులసిని మా అమ్మ మూడుసార్లు కడిగేది, మా మేనత్త ఐదుసార్లు. ఎవరిది సరైన లెక్క అని అడిగితే ఇద్దరూ కలిసి నా నెత్తిన మొట్టారు. పెద్దయ్యాక కోవెలలో భట్టరుగారిని అడిగాను. "మనసు నిలిచేదాకా" అన్నారాయన. నా మనసు ఏనాడూ నిలవలేదు. అందుకని కడుగుతూనే ఉన్నాను.

నా పేరు గోవిందస్వామి, నాయుళ్ళం. పుదుచ్చేరిలో ముదలియార్‌పేట మాది. తాతల కాలంనుంచీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువు ఎనిమిదో తరగతితో అయిపోయింది. తెలుగు అక్షరాలు మా నాన్న పలక మీద దిద్దించాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. పనిచేసే చోట అందరం మాట్లాడుకున్నది తమిళమే. ఇక్కడ మన మాటలో రాస్తున్నాను.

బస్సులు ఆగే చోటికి వెనకాల రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో మూలికలు ఎండబెట్టి, దంచి, స్పిరిట్‌లో నానబెట్టి సారం తీసేవాళ్ళు. యజమాని అనంతరామన్. ఆయనకు మూలికల గురించి తెలిసింది ఒక్కటే, ఎండితే వాటి బరువు తగ్గుతుందని. తగ్గే బరువును చూసినప్పుడల్లా ఆయన ప్రాణం విలవిల్లాడేది. శుక్రవారం ప్రతి మిషనుకూ చందనం బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి కళ్ళకద్దుకుని, ఆ చేత్తోనే "కాస్త కాడలు కూడా పడనీ" అని సైగ చేసేవాడు. దేవుడు అటు చూడని క్షణం ఏదో ఆయనకు కచ్చితంగా తెలుసేమో అనిపించేది.

సారం శాతం పరీక్ష చేయడానికి సుధాకరన్ అనే ఎం.ఎస్‌సి. కుర్రాడు ఉండేవాడు. ఆకు వాసన చూడడానికి కూడా మూతికి గుడ్డ కట్టుకునేవాడు. ఇక నేను. అందరికంటే పాతవాణ్ణి, తాళంచెవి నా దగ్గర ఉండేది. పొద్దున ఆరున్నరకే స్నానం చేసి, నామం పెట్టుకుని వచ్చి షెడ్డు తెరిచి, నా వంతు వలలు తిప్పుకునేవాణ్ణి. ఈ మనుషుల మధ్య శుద్ధి అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని నాకు గట్టి నమ్మకం.

రెండువేల ఎనిమిదిలో చెన్నై కంపెనీ ఒకటి సరస్వతి ఆకు సారం కావాలని పెద్ద ఆర్డరు ఇచ్చింది. జ్ఞాపకశక్తికి వాడే ఆకు. బాహూరు వైపు పొలం కాలవల గట్లమీద, బురదలో పెరుగుతుంది. చదువుల తల్లి పేరు పెట్టుకున్న ఆకు బురదలో ఎందుకు పుట్టాలో అదొక ప్రశ్న. సరే, గోనెల్లో అది బురదతో సహా వచ్చేది. ముందు ఏరాలి. తరువాత పారే నీళ్ళలో ఒక్కసారి, గబగబా కడగాలి. నీళ్ళు ఓడ్చి, నీడలో వలల మీద పలచగా పరచాలి. రెండు గంటలకొకసారి తిప్పాలి. కాడ విరిస్తే టక్కుమనాలి, ఆకు నలిపితే గలగలమనాలి. అప్పుడు బస్తాకెత్తి, ఏరినవాళ్ళ పేరు రాసి చీటీ కట్టాలి. తరువాత మిషనులో బొంబాయి రవ్వంత గరుకుగా దంచాలి. మెత్తని పిండి చేస్తే స్పిరిట్ దిగక డ్రమ్ములో ముద్దకడుతుంది.

ఏరడంలో అసలైన చిక్కు ఉంది. ఆ కాలవల్లోనే అచ్చం ఇలాంటి ఆకే ఇంకొకటి పెరుగుతుంది. కాడ ఆకు అంచున, గంటు దగ్గర తగిలితే మనది. గొడుగుకు కర్రలాగ నడిమధ్యన తగిలితే పిచ్చిమొక్క. దీన్ని కళ్ళతో చూడకుండా, పక్కనున్నవాళ్ళతో పోట్లాడుతూ, వేళ్ళతోనే ఏరి పారేసే మనిషి షెడ్డులో ఒకతే ఉండేది. వెళ్ళైయమ్మాళ్. కురుచికుప్పం చేపలవాళ్ళమ్మాయి అనాలో ముసలమ్మ అనాలో తెలియని వయసు. సునామీలో పడవ పోయాక, ఆ మరుసటి ఏడాది ఈ పనికి వచ్చింది. తెల్లవారుజామున అక్కతో కలిసి చేపలు శుభ్రం చేసి, తొమ్మిదింటికి ఇక్కడికి వచ్చేది. సబ్బుతో తోముకుని వచ్చానంటుంది. సబ్బు వాసనా వచ్చేది, చేప వాసనా వచ్చేది.

నేను ఆమె దగ్గర గాలికి ఎదురుగా నిలబడేవాణ్ణి కాను. ఆమెకు అది తెలుసు. "నాయుడయ్యా, అటు తిరిగి నిలబడితే మెడ పట్టేస్తుంది. ముక్కు మూసుకోండి, సులువు" అనేది. పక్కన ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇలాంటి నోరున్నవాళ్ళకు దేవుడు చేతిపని ఎందుకిస్తాడో అనుకునేవాణ్ణి.

వాసన ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణి. అందరూ అనంతరామన్ కొన్న ప్లాస్టిక్ వలల మీద ఆకు పరిస్తే, ఈమె "ఇవి చెమట పడతాయి, గాలి ఆడదు" అని ఇంటినుంచి సన్నకన్ను చేపల వలలు తెచ్చి, వెదురు చట్రాలకు తానే బిగించింది. నాలుగు వలలు. సరస్వతి ఆకు చేపల వల మీద! ఆ ఆకు రేపు ఎవరి పిల్లల కడుపులోకో పోయి చదువు ఇవ్వాలి. నాకు రాత్రి అన్నం సహించలేదు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. పొద్దున ఆరున్నరకు ఎవరూ ఉండరు. పెద్ద గంగాళంలో బావినీళ్ళు తోడి, పసుపు, నాలుగు తులసి దళాలు వేసి, వెళ్ళైయమ్మాళ్ నాలుగు వలల మీద ఎండిన ఆకును మాత్రం అందులో మూడుసార్లు ముంచి తీసేవాణ్ణి. నామాలు చెప్పుకుంటూ, ఉతికిన పంచె మీద ఓడ్చి, మళ్ళీ వలమీదనే పరిచేవాణ్ణి. వల మార్చితే తెలిసిపోతుంది కదా. గంగాళంలో నీళ్ళు ముదురు టీ రంగుకు తిరిగేవి. ఎంత మురికి! చూశావా, నా అనుమానం ఊరికే పోలేదు అనుకుంటూ ఆ నీళ్ళు మోరీలో పోసేవాణ్ణి. నాలుగు వారాలు ఇలా చేశాను. జీతం లేని సేవ. దాని గురించి ఎవరికీ చెప్పుకోలేదు కూడా. అంత గర్వం నాకు.

ఒకరోజు వెళ్ళైయమ్మాళ్ ఆకు పిడికిట పట్టి చూసింది. "నిన్న సాయంత్రం అప్పడంలా ఉన్న ఆకు ఇవాళ ఇలా మెత్తబడిందేంటి?"

"మంచు" అన్నాను.

"షెడ్డులోపల మంచా? నా వలల మీదే కురిసిందా? సముద్రం పక్కన పుట్టానయ్యా, మంచు ఎలా కురుస్తుందో నాకు చెప్పకండి."

"ఎవరి పాపం కొద్దీ వాళ్ళకు కురుస్తుంది" అన్నాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, ఆ నాలుగు వలలూ మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. ఇంటికి గంట ఆలస్యంగా వెళ్ళింది.

ఆ తరువాతి సోమవారం సుధాకరన్ రిపోర్టు పట్టుకుని అనంతరామన్ బల్ల ముందు నిలబడ్డాడు. "సార్, నాలుగు బస్తాల్లో సారం సగం కూడా లేదు. పైగా ముక్కిన వాసన. నాలుగు చీటీల మీదా ఒకటే పేరు."

అనంతరామన్ చీటీలు చూశాడు. ఆయన ముఖంలో కోపం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. తన కాడల గురించి ఎవరూ అడగలేదు కదా. వెళ్ళైయమ్మాళ్‌ని పిలిపించాడు. "మంచి ఆకు బయట అమ్ముకుని, పాత చెత్త నింపావా?"

"ఈ ఆకు ఎవరు కొంటారు సామీ? మా వీధి మేకలు కూడా ముట్టుకోవు."

"నోరు ముయ్యి. దొంగతనం కాకపోతే సారం ఎక్కడికి పోయింది? కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"అది చదువుకున్న తమ్ముణ్ణి అడగండి. నేను ఏరాను, ఎండబెట్టాను, అంతే." ఆమె నావైపు తిరిగింది. "నాయుడయ్య పొద్దున్నే వస్తాడు. నా వలలు చూస్తాడు. నేను ఆకు మార్చేదాన్నో కాదో ఆయన్నే చెప్పమనండి."

అందరూ నన్ను చూశారు. నా నుదుట నామం ఉంది. నా మాట చెల్లుతుంది. నాకు ఆ క్షణంలో గంగాళం కళ్ళముందు కదిలింది. దానికీ దీనికీ ఏం సంబంధం అని నన్ను నేనే కసురుకున్నాను.

"నేనేం చూశాను? నాకేం తెలుసు?" అన్నాను.

ఆమె తన నాలుగు వలలూ చట్రాలనుంచి విప్పుకుని, మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా ముదలియార్‌పేటనుంచి కురుచికుప్పం దాకా "ఆకు దొంగ" అన్న పేరు చేరిపోయింది. ఆ తరువాత ఇంకో రెండు షెడ్లలో పని అడిగితే గేటు దగ్గరనుంచే పంపేశారట.

ఆమె స్థానంలో ముగ్గురిని పెట్టారు. ముగ్గురూ ప్లాస్టిక్ వలలు వాడారు, చేపల వాసన లేదు. నేను గంగాళం తీయలేదు. ఆ బస్తాల్లో సారం నిండుగా వచ్చింది. కానీ పిచ్చిమొక్క కూడా నిండుగా వచ్చిందని కంపెనీవాళ్ళు తిట్టారు. సారం నిండుగా వచ్చిందన్న మాట నాలో ముల్లులా దిగింది. ఒక మధ్యాహ్నం టీ వేళ సుధాకరన్‌ను పక్కకు పిలిచాను.

"తమ్ముడూ, ఊరికే అడుగుతున్నా. బాగా ఎండిన ఆకు చన్నీళ్ళలో పడితే ఏమవుతుంది?"

"ఏమవుతుందేంటి సార్, కషాయమవుతుంది. మనం స్పిరిట్ పోసి తీసేదాన్ని నీళ్ళు ఉచితంగా లాగేస్తాయి. పచ్చి ఆకుకు పైన తొక్క గట్టిగా ఉంటుంది, ఒకసారి కడిగినా ఏం కాదు. ఎండితే అది చిట్లిపోతుంది కదా. తడిసి మెల్లగా ఆరితే మిగిలింది కూడా చెడుతుంది." టీ గ్లాసు ఎత్తి చూపించాడు. "మీ ఇంట్లో ఇది ఎలా కాస్తారనుకున్నారు?"

గ్లాసులో టీ రంగు చూశాను. ఆ మురికి మురికి కాదు. మందే అది. నాలుగు వారాలు, నామాలు చెప్పుకుంటూ, సరస్వతిని మోరీలో పోశాను.

ఇంటికి వెళ్ళి నా భార్య తాయారుకు చెప్పాను. ఆమె బియ్యం చేట దించి, మొత్తం విన్నది.

"అంటే ఆయమ్మ చేతులు అంటు అని మీరు కడిగితిరి. మీరు కడిగింది పాడైతే ఆయమ్మ దొంగైపాయ. మీరు మట్టుకు పొద్దున్నే నామం పెట్టుకోని కోవెలకు పోతుండారు."

"నాకు తెలియక చేసింది తాయారూ."

"కడిగింది తెలియకనే. 'నాకేం తెలుసు' అన్నది తెలిసే గదా? యాడ నేర్చుకున్నారు ఈ శుద్ధి? మా నాయన కూడా నామం పెట్టుకునేవాడు. ఒకరి పొట్ట మీద పెట్టలేదు."

ముప్పై ఏళ్ళలో ఆమె నాతో అలా మాట్లాడింది లేదు. ఆ రాత్రి వేరే చాప వేసుకుంది.

మూడు రోజులు కోవెలలో పెరుమాళ్ ముందు నిలబడ్డాను. స్వామీ, ఏం చేయమంటావు అని అడిగాను. ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ ఉన్నాడు. ఆయనకు చెప్పుకోవడం ఎంత సులువు! ఆయన ఎవరికీ చెప్పడు. అందుకే అక్కడికి వెళుతున్నానని మూడోరోజు అర్థమైంది.

నాలుగోరోజు అనంతరామన్ గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "గోవిందస్వామీ, ఇది ఇక్కడితో వదిలెయ్. దొంగను తీసేశామని కంపెనీకి ఉత్తరం రాసేశాను. ఇప్పుడు దొంగ లేదు, భక్తుడున్నాడు అని రాయమంటావా?"

"ఆమె పేరు పోయింది సార్."

"చేపలు కడుక్కునేదానికి పేరేంటయ్యా? నువ్వు పెద్దమనిషివి. నీ మర్యాద కాపాడుతున్నాను, సంతోషించు."

ఆయన మాట నాకు కొత్తగా వినిపించలేదు. నా మనసులో మూడేళ్ళుగా ఉన్న మాటే అది. ఇంకొకడి నోట, తాంబూలం వాసనతో వచ్చేసరికి నేను గదిలోంచి బయటికి నడిచాను. ఈ మనిషిని చూసి ఇన్నాళ్ళూ నేను ముఖం చిట్లించుకున్నాను. తేడా ఏముంది? ఆయన కాడలు కలిపి ఆకును పాడుచేశాడు, నేను నీళ్ళు కలిపి. ఆయన కనీసం దాన్ని సేవ అనలేదు.

టీ గంట కొట్టగానే షెడ్డు మధ్యలో నిలబడ్డాను. ఆడవాళ్ళు, డ్రమ్ముల దగ్గరవాళ్ళు, సుధాకరన్, గది తలుపులో అనంతరామన్. "వెళ్ళైయమ్మాళ్ దొంగ కాదు. ఆమె ఎండబెట్టిన ఆకును నేనే రోజూ నీళ్ళలో ముంచాను. ఆమె చేయి తగిలిందని ముంచాను. ఆ రోజు అడిగితే తెలియదన్నాను" అని చెప్పాను.

ఎవరో కిసుక్కుమన్నారు. సుధాకరన్ మూతిగుడ్డ కిందికి లాగి, "పసుపు కూడా వేశారా సార్?" అని అడిగాడు. వేశానన్నాను. "అదీ సంగతి. ఆ సారంలో పసుపురంగు ఎక్కడిదో తెలియక రెండు రాత్రులు నిద్రపోలేదు నేను" అంటూ తల కొట్టుకున్నాడు. కానీ మంచివాడు. ఆ రోజే పిడికెడు మంచి ఆకు నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, పరీక్ష చేసి, రెండోరోజు కాగితం అనంతరామన్ బల్ల మీద పెట్టాడు. "ఆవిడ రాకపోతే పిచ్చిమొక్క ఏరేవాళ్ళు లేరు, కంపెనీ ఈసారి సరుకు తిప్పి పంపుతుంది" అని కూడా చెప్పాడు. అనంతరామన్‌కు న్యాయం అప్పుడు కనిపించింది. "నువ్వే వెళ్ళి పిలుచుకురా" అన్నాడు నాతో.

కురుచికుప్పంలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మం ముందు పీటమీద కూర్చుని చేపలు కోస్తోంది. నన్ను చూసి కత్తి ఆపలేదు.

"రండి నాయుడయ్యా. గాలి అటునుంచి ఉంది, ఆ పక్కన నిలబడండి."

నేను ఆ పక్కకు పోలేదు. మొత్తం చెప్పాను. షెడ్డులో అందరిముందూ చెప్పానని, కాగితం కూడా ఉందని చెప్పాను. ఆమె పొలుసులు గీకుతూ విన్నది.

"ఎన్నిసార్లు ముంచారు?"

"మూడు."

"పోతుందా మూడుకి? ఇరవై ఏళ్ళ చేప వాసన!" అని గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో నామీద దయ ఏమీ లేదు. "ఎవరో మందు పెట్టారేమో, కిట్టనివాళ్ళు చేతబడి చేశారేమో అనుకుని మారియమ్మన్ గుడికి మొక్కుకున్నా. తీరా చూస్తే మీ తులసి."

"క్షమించమని అడగడానికి వచ్చాను."

"క్షమాపణ ఏం చేసుకోనయ్యా? ఉప్పేసి ఎండబెట్టుకోనా?" కత్తి కడిగి పక్కన పెట్టింది. "పనికి వస్తాను. నాకు కావాలి గనక వస్తాను, మీరు పిలిచారని కాదు. అయితే ఒకటి. రెండేళ్ళ కింద మీ ఇంటమ్మకు చికున్‌గున్యా వచ్చి లేవలేకపోతే, తొమ్మిది రోజులు మీరు రాలేదు. మీ వలలు ఎవరు తిప్పారు?"

నాకు గుర్తే లేదు. గుర్తు చేసుకుంటే, ఈమె.

"తిరిగొచ్చాక ఏమన్నారు? 'నీకు అవసరమైనప్పుడు నేను చేస్తాను వెళ్ళైయమ్మా' అన్నారు. సుధాకరన్ తమ్ముడు కూడా విన్నాడు. నాకు జ్వరం వచ్చింది, మీరు రాలేదు. మా అక్క కూతురి పెళ్ళి వచ్చింది, మీరు రాలేదు. ఇప్పుడు నా అక్క ఆస్పత్రిలో ఉంది. తొమ్మిది రోజులు నేను మధ్యాహ్నం వెళ్ళిపోవాలి. నా ఏరుడు, నా వలలు, మీరు చూసుకోవాలి. చేపల వలలే. కుదురుతుందా?"

"కుదురుతుంది" అన్నాను.

"గంగాళం ముట్టుకుంటే మాత్రం చేతులు విరుస్తా."

మర్నాడు ఆమె తన వలలు చంకన పెట్టుకుని వచ్చింది. ఎవరినీ పలకరించకుండా చట్రాలకు బిగించుకుంది. మధ్యాహ్నం ఆమె వెళ్ళగానే ఆమె గోనెపట్టా మీద కూర్చున్నాను. బురద గోళ్ళలోకి దిగింది. గంటు ఎక్కడ, కాడ ఎక్కడ అని ప్రతి ఆకునూ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూడాల్సి వచ్చింది. పక్కన ఆడవాళ్ళు "అయ్యగారు జాతకం చూస్తున్నారు" అని నవ్వుకున్నారు. మొదటిరోజు అర బుట్ట కూడా కాలేదు. పొద్దున వచ్చి వెళ్ళైయమ్మాళ్ నేను ఏరిన కుప్పలో చేయి పెట్టి, చూడకుండానే పదకొండు పిచ్చిమొక్కలు తీసి నా ముందు వరసగా పేర్చింది. రెండోరోజు ఎనిమిది. ఆరోరోజుకు మూడు. రెండు గంటలకొకసారి లేచి నాలుగు వలలూ తిప్పాను. ఆమె చెప్పింది నిజం. ఆ వలల మీద ఆకు మిగతావాటికంటే ఒక పూట ముందే గలగలమనేది. ఇది ఇన్నాళ్ళూ నా కళ్ళముందే జరిగింది.

తొమ్మిదోరోజు సాయంత్రం ఆమె ఆస్పత్రినుంచి నేరుగా షెడ్డుకే వచ్చింది. అప్పటికి నేను చివరి వల తిప్పుతున్నాను. ఆమె ఒక కాడ తీసి చెవిదగ్గర విరిచింది, టక్కుమంది. నేను ఏరిన కుప్పలో చేయి పెట్టి, చాలాసేపు వెతికి, ఒకే ఒక్క పిచ్చిమొక్క తీసింది. దాన్ని నా ఒళ్ళో పడేసింది.

"తొమ్మిది అయ్యాయి" అంది. "మీకూ నాకూ సరి. లేవండి, నా చోటు."

నేను లేచాను. ఆమె గోనెపట్టా దులిపి, తన వాటంగా తిప్పి వేసుకుని కూర్చుంది.